జ్వరం మొదటి రోజే స్టెరాయిడ్ సూది వద్దు

నాట్ల కాలంలో జ్వరమొస్తే మన రైతు అడిగేది ఒకటే మాట: "డాక్టరు సాబ్, రేపు పొద్దుగాల పొలం పోవాలె, గట్టి సూది ఒకటి వెయ్యి." ఆ గట్టి సూదిలో ఒక్కోసారి ఉండేది డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్. సాయంత్రానికి ఒళ్లునొప్పులు తగ్గుతాయి, ఆకలేస్తుంది. హస్తవాసి మంచిదనుకుంటాం. తప్పు అక్కడే జరుగుతున్నది.

వైరస్ ఊపిరితిత్తుల్లో చేరగానే అక్కడి కణాలు కొన్ని మాంసకృత్తులను కబురుగా పంపుతాయి. వీటిని సైటోకైన్లు అంటారు. అందులో ఇంటర్‌ఫెరాన్ ముందు కబురు. పక్క కణాలను హెచ్చరించి వైరస్ పెరగకుండా అడ్డుకుంటుంది. ఇంటర్‌ల్యూకిన్-6 వంటివి రక్షక కణాలను ఉసిగొల్పుతాయి, జ్వరం తెప్పిస్తాయి. అంటే ఒళ్లు కొట్లాడుతున్నదనడానికి జ్వరం ఒక గుర్తు.

సాగర్ ఎడమ కాలువ కింద సేద్యం చేసే మిర్యాలగూడ, కోదాడ రైతులకు ఈ సంగతి తేలిగ్గా తెలుస్తుంది. నాటు పెట్టిన మడికి నీళ్లు కావాలి. ఆ రోజు తూము మూస్తే నాటు ఎండుతుంది. అదే తూము మూయకుండా వదిలేస్తే గట్లు తెగి మడి మునుగుతుంది. కొందరిలో జబ్బు రెండో వారానికి వచ్చేసరికి ఈ కబుర్లకు అంతు ఉండదు. సన్న రక్తనాళాల గోడలు వదులై ఊపిరితిత్తుల గాలి తిత్తుల్లోకి నీరు దిగుతుంది. అప్పుడు ప్రాణం తీసేది వైరస్ ఒక్కటే కాదు, మన ఒంటి పోరు కూడా. స్టెరాయిడ్ పని తూము మూయడం. మునిగే రోజున అది ప్రాణం నిలుపుతుంది. మొదటి రోజున మాత్రం వైరస్‌కే దారి ఇవ్వవచ్చు.

ఇది నోటి మాట కాదు. 2020 జూన్‌లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం వారు కోవిడ్ రోగులపై జరిపిన 'రికవరీ' పరీక్ష ఫలితాలు బయటపెట్టారు. డెక్సామెథాసోన్ ఇచ్చాక వెంటిలేటర్ మీద ఉన్నవారిలో చావులు మూడో వంతు, ఆక్సిజన్ పెట్టినవారిలో అయిదో వంతు తగ్గాయి. ఆక్సిజన్ అవసరం లేనివారికి మేలేమీ కనబడలేదు.

2020 ఏప్రిల్‌లో సూర్యాపేట మార్కెట్ ప్రాంతంలో కేసులు పెరిగిన రోజుల్లో ఈ సంగతి ఇంకా తేలలేదు. 2021 మే నాటికి తెలుసు. అయినా జ్వరం తగలగానే స్టెరాయిడ్ మింగినవారున్నారు. ఆ మందుతో షుగరు పెరుగుతుంది. షుగరు అదుపు తప్పినవారిని బ్లాక్ ఫంగస్ పట్టుకున్నది. ఆ నెల 20న తెలంగాణ ప్రభుత్వం దాన్ని తప్పక తెలియజేయవలసిన జబ్బుగా ప్రకటించింది.

ఆర్‌ఎంపీలను తిట్టి లాభం లేదు. రాత్రిపూట ఊళ్లో దొరికేది వారే, సూది అడిగేది మనమే. అడగవలసింది వేలికి పెట్టి ఆక్సిజన్ చూసే మిషను. అంకె 94 కంటే తగ్గినా, నాలుగడుగులకే ఆయాసం వచ్చినా సూర్యాపేట పెద్దాసుపత్రికో, మిర్యాలగూడ ఏరియా ఆసుపత్రికో ఆ పూటే పోవాలి. షుగరు ఉంటే ముందే చెప్పాలి. ఉబ్బసానికో, కీళ్లకో డాక్టరు రాసిన స్టెరాయిడ్ రోజూ వాడేవారు మాత్రం ఇది చదివి ఒక్కసారిగా మానవద్దు.

ఆ మిషను ప్రతి ఊళ్లో ఆశా కార్యకర్త దగ్గర ఉండాలని గ్రామసభలో అడగండి. అందులో బ్యాటరీలు ఉన్నాయో లేవో కూడా చూడండి.