నర్సాపూర్‌లో 42 డిగ్రీల ఎండ.. పైన విమానానికి మంచు గండం ఎందుకు?

నర్సాపూర్‌లో మధ్యాహ్నం ఎండ మండిపోతోంది. మీరు గండిమైసమ్మ దాటి ఔటర్ ఎక్కి శంషాబాద్ చేరారు. రాజమండ్రికో తిరుపతికో వెళ్లే చిన్న విమానం.. బోర్డు మీద మాత్రం 'ఆలస్యం - వాతావరణం' అని ఉంది. బయట చూస్తే వాన చుక్క లేదు. మరి ఏ వాతావరణం?

అసలు సంగతి పైన ఉంది. మన ప్రాంతంలో వేసవిలోనైనా సుమారు 5 కిలోమీటర్ల ఎత్తు, అంటే 16, 17 వేల అడుగులు దాటితే ఉష్ణోగ్రత సున్నాకు పడిపోతుంది. అక్కడి మబ్బుల్లో నీరంతా మంచుగా మారిపోయి ఉంటుందనుకుంటాం. అలా ఉండదు. ధూళి రేణువు లాంటి ఆధారం దొరకకపోతే, సన్నటి నీటిబొట్లు మైనస్ 20లో కూడా నీరుగానే ఉండగలవు. ఫ్రీజర్‌లోంచి తీసిన వాటర్ బాటిల్‌ను టేబుల్‌కు తాకించగానే గడ్డకట్టే వీడియోలు మీరూ చూసే ఉంటారు. ఇదీ అంతే. (మేఘమథనంలో సిల్వర్ అయోడైడ్ చల్లేదీ ఇలాంటి బొట్లను గడ్డకట్టించడానికే.) ఇక్కడ ఆ టేబుల్ స్థానంలో ఉండేది విమానం రెక్క.

తగలగానే బొట్టు మొత్తం గడ్డకడితే లెక్క తేలికే. కానీ గ్రాము నీరు గడ్డకట్టేటప్పుడు 80 కేలరీల వేడిని వదులుతుంది. మైనస్ 20లో ఉన్న బొట్టు సున్నాకు చేరడానికి 20 కేలరీలు చాలు. కాబట్టి వెంటనే మంచయ్యేది నాలుగో వంతే. మిగతా ముప్పావు గాలికి వేడి వదిలేదాకా నీరుగానే ఉంటుంది. బొట్లు మరీ చిన్నవైతే ఆ వేడి క్షణంలో పోయి తగిలినచోటే గడ్డకడతాయి. పెద్దవైతే ఆ నీరు రెక్క మీద వెనక్కి పారుతుంది. ఎక్కడ ఆగి గడ్డకడుతుంది? 1953లో మెసింజర్ అనే ఇంజినీర్ ఈ వేడి లెక్కను సూత్రీకరించారు. నాసా వాడే లెవైస్ లాంటి కంప్యూటర్ నమూనాలకు నేటికీ అదే పునాది.

ఈ లెక్క విలువ ప్రాణాలతోనే తెలిసింది. 1994 అక్టోబర్ 31న అమెరికాలోని రోజ్‌లాన్ దగ్గర ఏటీఆర్-72 కూలి 68 మంది చనిపోయారు. రెక్క ముందు అంచున గాలితో ఉబ్బి మంచును పగలగొట్టే రబ్బరు తొడుగులు పనిచేస్తూనే ఉన్నాయి. మంచు మాత్రం వాటి వెనక పేరుకుంది. అప్పటి పరీక్షల ప్రమాణం 50 మైక్రాన్ల దాకా బొట్లకే; ఆ రోజు మబ్బులో ఉన్నవి అంతకన్నా చాలా పెద్దవి. తర్వాత తొడుగుల వెడల్పు పెంచారు. పెద్ద బొట్లకు ప్రత్యేక నిబంధన రావడానికి మాత్రం 2014 దాకా పట్టింది. అదీ కొత్తగా రూపొందించే కొన్ని విమానాలకే.

హైదరాబాద్ నుంచి మన చిన్న నగరాలకు తిరిగేవాటిలో చాలావరకు ఏటీఆర్‌లే. భయపడాల్సిన పని లేదు. అయితే పెద్ద జెట్‌లు ఈ మంచు పొరను దాటి పైకి వెళ్లిపోతాయి. ఏటీఆర్ 25 వేల అడుగులు దాటదు. కాబట్టి దాని పైలట్ మబ్బును తప్పించుకోవాలి, లేదా ఆగాలి. హైదరాబాద్ గగనతలానికి తీవ్రమైన ఐసింగ్ హెచ్చరికలు వాతావరణ శాఖ చెన్నై కేంద్రం నుంచి వస్తాయి. అది వచ్చాక ఆగిన విమానం మీద విసుక్కోవడం అనవసరం.

విసుక్కోవాల్సింది 'వాతావరణం' అన్న ఆ ఒక్క మాట మీద. ఆ కారణంతో ఆలస్యమైతే ఎయిర్‌లైన్ పరిహారం ఇవ్వనక్కర్లేదని డీజీసీఏ నిబంధన. అందుకే కౌంటర్‌లో అడగండి: ఇక్కడి వాతావరణమా, దారిలోదా, దిగే ఊరిదా? ఆలస్యం ఆరు గంటలు మించుతుందంటే మరో విమానం గానీ పూర్తి రిఫండ్ గానీ కోరండి.