బల్లకున్న రక్షణ

కిందటి నెలలో సొంత ఊరు ఎలమంచిలి వెళ్ళి మూడు రోజులుండి వచ్చాను. వచ్చిన దగ్గరనుంచీ ఒక విషయం గొంతులో చేపముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. ఈ బ్లాగులో రాజకీయాలూ సినిమాలూ రాయనని మొదట్లోనే ఒట్టు పెట్టుకున్నాను గాని, పూల్ ఆట గురించి రాయనని ఎక్కడా అనలేదు. కనుక మాట తప్పినట్టు కాదు.

మా ఊరు ఇప్పుడు విశాఖ జిల్లాలో లేదు. 2022 ఏప్రిల్‌లో అనకాపల్లి జిల్లాలోకి వెళ్ళింది. అయినా ఊరివాళ్ళు తమది 'వైజాగ్' అనే చెప్పుకుంటారు. వైజాగులో ఉన్నవన్నీ తమకూ ఉండాలనుకుంటారు. అలా వచ్చిందే ఈ పూల్ హాలు. మెయిన్ రోడ్డులో ఎరువుల దుకాణం మీది అంతస్తు. ఒక పెద్ద స్నూకరు బల్ల, రెండు చిన్న పూల్ బల్లలు, రెండు ఏసీలు, గాలి చొరబడని అద్దపు తలుపు. నడిపేవాడు నాకు వరసకు తమ్ముడు. సంక్రాంతికి పోటీలు పెడుతున్నాడు. అచ్యుతాపురం, నక్కపల్లి, అనకాపల్లి నుంచే కాక విశాఖ, తుని నుంచి కూడా ఆటగాళ్ళు వస్తారట. "చివరిరోజు కప్పు నీ చేతుల మీదుగా ఇవ్వాలన్నయ్యా" అని పట్టుకెళ్ళి హాలు చూపించాడు.

తలుపు తీయగానే కళ్ళు మండాయి. దీపాల కింద పొగ పొరలు పొరలుగా వేలాడుతోంది. ప్రతి కుర్చీ పక్కనా ఒక గాజు బూడిద గిన్నె. ఆడుతున్నవాళ్ళు ఆరుగురుంటే కాలుతున్న సిగరెట్లు నాలుగు. వాటిలో రెంటిని ఆ క్షణాన ఎవరూ పీల్చడం లేదు!

నేనేమీ ఋషిని కాను. పన్నెండేళ్ళు కాల్చాను, మానేసి పందొమ్మిదేళ్ళయింది. మానినవాడి నీతులు ఎంత విసుగు పుట్టిస్తాయో కాల్చే రోజుల్లో నాకు బాగా తెలుసు. అందుచేత 'సిగరెట్టు తాగకండి' అని చెప్పడానికి రాయడం లేదిది. తాగేవాడి ఊపిరితిత్తులు తాగేవాడివి. నా ప్రశ్న చాలా చిన్నది. నాలుగు గోడల మధ్య, తలుపులు మూసి, పోటీలు జరిపే చోట పొగ తాగనివ్వవచ్చునా?

ఈ ఆటకూ పొగకూ ఉన్న బంధుత్వం చాలా పాతది. దానికి ఆటలోనే ఒక కారణం ఉంది. క్రికెట్టులోనో టెన్నిసులోనో అవతలివాడు ఆడుతుంటే మనకూ పని ఉంటుంది. ఇక్కడ అవతలివాడు బంతి వెనక బంతి వేస్తూ పోతుంటే మనం కుర్చీలో కూర్చుని మన ఓటమిని చూస్తూ ఉండవలసిందే. చేతులకు పని లేదు, నోటికి మాట లేదు. ఆ ఖాళీలోకి సిగరెట్టు వచ్చి కూర్చుంది. బ్రిటనులో ఈ సంగతి కనిపెట్టినవాళ్ళు పొగాకు కంపెనీలవాళ్ళే. ప్రపంచ స్నూకరు పోటీలకు 1976 నుంచి 2005 దాకా ఎంబసీ అనే సిగరెట్టు పేరే ఉండేది. మాస్టర్స్ పోటీకి 1975 నుంచి 2003 దాకా బెన్సన్ అండ్ హెడ్జెస్. మనమూ తక్కువేమీ తినలేదు. 1996 ప్రపంచ కప్పు క్రికెట్టుకు విల్స్ పేరు పెట్టుకున్నాం, మన ఆటగాళ్ళ చొక్కాల మీద కూడా అదే పేరు.

1972లోనూ 1982లోనూ స్నూకరు ప్రపంచ విజేత అయిన అలెక్స్ హిగిన్స్ టీవీ కెమెరాల ముందే సిగరెట్టు వెలిగించేవాడు. జనం దాన్నొక సొగసుగా చూశారు. గొంతు క్యాన్సరుతో ఏళ్ళ తరబడి బాధపడి 2010లో పోయాడు. కాని ఈ చర్చకు హిగిన్స్ నాకు ఉపయోగపడడు. అతడు తన సిగరెట్టు తానే కాల్చుకున్నాడు. నాకు కావలసినవాడు రాయ్ కాజిల్. ట్రంపెట్టు వాయించే బ్రిటిష్ కళాకారుడు, జన్మలో పొగ తాగలేదు. ఊపిరితిత్తుల క్యాన్సరుతో 1994లో మరణించాడు. పొగ కమ్మిన క్లబ్బుల్లో ఏళ్ళకొద్దీ వాయించడమే తన జబ్బుకు కారణమని అతను బలంగా నమ్మాడు. ఒక్క మనిషి విషయంలో కారణం ఇదేనని తేల్చడం కష్టమే, ఒప్పుకుంటాను. కాని 1981లో జపాను పరిశోధకుడు హిరాయామా, పొగ తాగే భర్తలున్న, తాము తాగని భార్యలలో ఈ క్యాన్సరు ఎక్కువగా ఉందని చూపించిన తరవాత ఆ దిశగా ఎన్నో పరిశోధనలు వచ్చాయి. ఇతరుల పొగ పీల్చి ప్రపంచంలో ఏటా పది లక్షల మందికి పైగా చనిపోతున్నారని ఇవాళ ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క.

మా తమ్ముడు మొదట చెప్పిన మాట: "ఏసీ ఉందిగా అన్నయ్యా, లాగేస్తది." చాలామంది ఇదే అనుకుంటారు. గోడకు తగిలించే ఏసీ బయటి గాలిని లోపలికి తేదు, లోపలి గాలిని బయటికి పంపదు. ఉన్న గాలినే చల్లబరిచి మళ్ళీ మన ముఖాన కొడుతుంది. చల్లదనం పోకూడదని తలుపులు బిగిస్తాం కనుక పాతకాలపు పంకా, కిటికీల గదికన్నా ఇదే అధ్వాన్నం. గాలిమరలు పెట్టినా, పొగ తాగేవాళ్ళకు ఒక మూల కేటాయించినా మిగతావాళ్ళకు పూర్తి రక్షణ ఉండదని అమెరికా సర్జన్ జనరల్ నివేదిక 2006లోనే స్పష్టంగా చెప్పింది.

పూల్ హాలుకు ప్రత్యేకమైన సంగతి మరొకటుంది. క్యూ పట్టడానికి రెండు చేతులూ కావాలి. తన వంతు రాగానే ఆటగాడు సిగరెట్టును బూడిద గిన్నె అంచున పెట్టి లేస్తాడు. బాగా ఆడితే పది నిమిషాల దాకా తిరిగి రాడు. అంతసేపూ అది గదికోసమే కాలుతుంది. ఫిల్టరు గుండా వెళ్ళని, తక్కువ వేడిలో మాగే ఆ పొగలో విషపదార్థాలు తాగేవాడు పీల్చే పొగలోకన్నా ఎక్కువ మోతాదులో ఉంటాయి. అంటే ఎంత మంచి ఆటగాడైతే పక్కవాళ్ళకు అంత చెరుపు.

ఆ పక్కవాళ్ళలో మొదటివాడు మార్కరు. బంతులు పేర్చేవాడు, లెక్క రాసేవాడు, క్యూలకు సుద్ద అందించేవాడు. మా ఊరి హాలులో ఆ కుర్రవాడికి పందొమ్మిదేళ్ళు. ఉదయం పదకొండు నుంచి రాత్రి పదకొండు దాకా అక్కడే. పోటీల రోజుల్లో ఇంకా పైన. "నువ్వు కాలుస్తావా?" అని అడిగాను. "లేదు సార్, మాయమ్మ ఒట్టేయించుకుంది" అన్నాడు. అని దగ్గాడు. ఆ దగ్గు చలికాలపుదో, మరొకటో నేను వైద్యుణ్ణి కాను, చెప్పలేను. కాని వాళ్ళమ్మ వేయించుకున్న ఒట్టును రోజుకు పన్నెండు గంటలు మనం అందరం కలిసి తప్పిస్తున్నామని మాత్రం తెలిసింది.

ఆ పక్కనే గోడ మీద ఒక కాగితం అతికించి ఉంది: 'బల్లపైకి సిగరెట్టు తేరాదు. గుడ్డ కాలితే పూర్తి ఖర్చు వసూలు చేయబడును.' మా తమ్ముడు ఈ నిబంధన విషయంలో చండశాసనుడు. ఎంత పెద్దవాడినైనా సరే ఉపేక్షించడు. వాడి భయం నాకు అర్థమవుతుంది, ఆ ఆకుపచ్చ గుడ్డ మార్చాలంటే వేలకు వేలు. అయితే పొగ విషయంలో ఆటగాళ్ళను కట్టడి చేయలేననే మాట వాడి నోట ఇక చెల్లదు గదా! బల్లకోసం చేశాడు. ఎవరూ ఆట మానేసి వెళ్ళిపోలేదు.

ఇక్కడ మా మామ్మను తలుచుకోకుండా ఉండలేను. ఆవిడ అడ్డపొగ తాగేది. ఉత్తరాంధ్ర వెలుపలి మిత్రులకు ఈ మాట కొత్త కావచ్చు. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోటిలోపల పెట్టుకుని పీల్చడం. శ్రీకాకుళం నుంచి మా దాకా పల్లెల్లో ఆడవాళ్ళకే ఎక్కువ అలవాటు. పిండ్‌బోర్గ్, మెహతా మొదలైనవారు 10,169 మంది గ్రామస్థుల నోళ్ళు పరీక్షించి, ఈ అలవాటు అంగిలికి చేసే హానిని 1971లో ప్రచురించారు. మామ్మ అంగిలి కూడా తెల్లగా చిట్లి ఉండేది. ఆవిడ అలవాటును నేను గొప్ప చేయడం లేదు. కాని పసిపిల్లలున్న గదిలో ఆవిడ చుట్ట వెలిగించగా నేను చూడలేదు. పెరట్లో చింతచెట్టు కింద కూర్చునేది. అక్షరం ముక్క రాని మనిషి. మగవాళ్ళు మాత్రం నడవలోనే కాల్చేవారు. గిరీశం చుట్టను కీర్తిస్తూ చదివిన పద్యం మనకందరికీ కంఠస్థమే. పక్కవాళ్ళు ఉక్కిరిబిక్కిరయిన సంగతి ఎవరికి పట్టింది?

నా వంతు కూడా చెప్పుకోవాలి. తొంభైలలో మా ఊళ్ళో ఒక హాలులో క్యారమ్స్ పోటీలు జరిగేవి. గాలికి పౌడరు చెదురుతుందని కిటికీలు మూసేవాళ్ళం. మాలో అందరికన్నా బాగా ఆడేవాడికి ఉబ్బసం. ఒకనాడు సెమీఫైనలు మధ్యలో "కొంచెం కిటికీ తీయండ్రా" అన్నాడు. ఎవరూ లేవలేదు. అతని ఎదుట కూర్చుని ఆడుతున్నది నేనే, నా వేళ్ళమధ్య సిగరెట్టు ఉంది. ఆ ఆట ఓడిపోయాడు. తరవాత పోటీలకు రావడం మానేశాడు. ఓడిపోతానని భయపడ్డాడని ఊరంతా అనుకున్నాం. నేను కూడా అన్నాను. ఇరవై ఏళ్ళ తరవాత ఒక పెళ్ళిలో కలిస్తే, "ఆ రోజు రాణి కనబడలేదురా, కళ్ళల్లో నీళ్ళు" అని నవ్వాడు. ఆ ఏడాది కప్పు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. పొగ తాగడం స్వేచ్ఛ అని వాదించేవారిని అడుగుతున్నాను, ఆ రోజు పోటీ సమానుల మధ్య జరిగిందా?

చట్టం సంగతికొస్తే వాదనకే తావు లేదు. 2003 నాటి పొగాకు ఉత్పత్తుల చట్టం నాలుగో సెక్షను బహిరంగ ప్రదేశాలలో ధూమపానాన్ని నిషేధించింది. వినోద కేంద్రాలు ఆ నిర్వచనంలోనే ఉన్నాయి. 2008 అక్టోబరు 2 నుంచి అమలైన నియమాల ప్రకారం పనిచేసే చోట్లు కూడా అంతే. మనకది వినోద కేంద్రం, మార్కరుకు పనిచేసే చోటు, కాబట్టి రెండు విధాలా తప్పే. అటువంటి చోట బూడిద గిన్నెలు, అగ్గిపెట్టెలు సమకూర్చడం కూడా ఆ నియమాలకు విరుద్ధమే. తాగినవాడికి రెండువందల రూపాయల దాకా జరిమానా. రెండువందలంటే ఈ రోజుల్లో ఎవరికి లెక్క! అందుకే పోలీసుల మీద నాకంత ఆశ లేదు, ఊరి పెద్దమనిషితనం మీదే ఉంది.

మా తమ్ముడి అసలు భయం వేరు. "పొగ వద్దంటే వైజాగోళ్ళు రారన్నయ్యా. పోటీ పోద్ది, హాలు కూడా పోద్ది." ఇది కొట్టిపారేయదగిన మాట కాదు. 2007 జులైలో ఇంగ్లాండులో నిషేధం వచ్చాక గిరాకీ పడిపోయిందని స్నూకరు క్లబ్బులవాళ్ళు మొత్తుకున్నారు, కొన్ని మూతపడ్డాయి. అప్పు తెచ్చి బల్లలు కొన్నవాడికి నేను విశాఖలో కూర్చుని ధర్మపన్నాలు చెప్పడం సులభమే. కాని సిగరెట్టు కంపెనీ వెళ్ళిపోయిన తరవాత కూడా ప్రపంచ పోటీలు షెఫీల్డులో ఏటా జరుగుతూనే ఉన్నాయి. ఇంటర్మీడియట్ చదివే పిల్లలను వాళ్ళ నాన్నలు ఈ హాలుకు పంపకపోవడానికి కారణం ఆట కాదు, వాళ్ళ చొక్కాలకు అంటుకొచ్చే ఆ వాసనే. ఆ గిరాకీ లెక్క కూడా వేసుకోవాలి గదా.

కనుక నేను అడిగింది ఇంతే. పోటీలు జరిగే నాలుగు రోజులూ లోపల పొగ వద్దు. ప్రతి ఆటకూ మధ్య పది నిమిషాల విరామం ఇవ్వు. తాగేవాళ్ళు మెట్లు దిగి ఆరుబయట తాగి వస్తారు. ఆలస్యమైనందుకు ఎవరికీ పాయింట్లు కోయవద్దు. బూడిద గిన్నెలు తీసెయ్యి. ఇవి జరిగితే కప్పు ఇవ్వడానికి వస్తాను, లేకపోతే మరొకరిని చూసుకో.

వాడు రెండు రోజులు ఆలోచించి ఫోను చేశాడు. "నాలుగు రోజులంటే సరే, ఏడాదంతా అంటే నా వల్ల కాదు" అన్నాడు. సరే, నాలుగు రోజుల తరవాతి సంగతి అప్పుడు మాట్లాడుకుందాం అన్నాను. మార్కరు కుర్రవాడు అక్కడే ఉన్నాడట, ఏమీ అనలేదట. బోర్డు కనీసం అరవై సెంటీమీటర్ల పొడవు, ముప్ఫై సెంటీమీటర్ల వెడల్పు ఉండాలని నియమం. ఖర్చు నాదేనన్నాను. పెయింటరు 'ధూమపానము' అని రాయనా, 'పొగ తాగుట' అని రాయనా అని అడుగుతున్నాడట. రెండోదే రాయమన్నాను.