వేడి చేసింది కాదు, జబ్బు చేసింది

మైపాడు నుంచి తుమ్మలపెంట దాకా మన తీరంలో ఎవరికి మూత్రంలో మంట పుట్టినా, ఏ ఆడమనిషికి తెల్లబట్ట అయినా, ఇంటా బయటా చెప్పే కారణం ఒక్కటే: వేడి చేసిందిలే. సబ్జాగింజలు నానబెట్టుకో, బార్లీ నీళ్లు తాగు, మజ్జిగ తాగు. ఈ నమ్మకం కాపురాలకు చేటు చేస్తోంది.

ఎండలో నీళ్లు తాగకుండా వల లాగినవాడికి మూత్రం చిక్కబడి మండటం నిజమే. నీళ్లు బాగా తాగితే ఆ మంట త్వరగానే పోతుంది. పోని మంట, మర్మాంగం నుంచి కారే రసి, వృషణాల నొప్పి, ఆడవాళ్లకు రంగు మారిన తెల్లబట్ట, పొత్తికడుపు నొప్పి, కలయిక తర్వాత కనిపించే రక్తం, వీటి వెనుక కలయిక ద్వారా అంటుకునే క్లమీడియా అనే బాక్టీరియా ఉండవచ్చు. మజ్జిగకు అది చావదు.

‘నాకేం లేదు, ఆసుపత్రికి నేనెందుకు రావాలి?’ అనే మగవాడి వాదన అసలే నిలవదు. ఈ జబ్బు సోకిన ఆడవాళ్లలో ఎక్కువ మందికి, మగవాళ్లలోనూ చాలామందికి ఏ లక్షణమూ ఉండదు. నెలల తరబడి దాగి ఉంటుంది కాబట్టి ఎవరి నుంచి ఎవరికి వచ్చిందని పంచాయతీ పెట్టినా తేలదు. ఈలోగా అది పైకి పాకి గర్భనాళాలను మూసేయవచ్చు. బిడ్డలు పుట్టకపోతే గొడ్రాలన్న నింద మాత్రం ఆమెకే! ఇంతకన్నా అన్యాయం ఏముంది?

ప్రభుత్వ పెద్దాసుపత్రుల్లోని సురక్ష క్లినిక్‌లలో రంగు రంగుల మందుల ప్యాకెట్లు ఉచితంగా ఇస్తారు. బూడిద రంగు దానిలో ఉండే అజిత్రోమైసిన్ క్లమీడియాకు పనిచేస్తుంది. ఆకుపచ్చ దానిలోని సెక్నిడజోల్, ఫ్లూకొనజోల్ దాన్ని ముట్టవు. తెల్లబట్ట అని ఒక్క మాట చెప్పి, సిగ్గుతో లోపలి పరీక్ష వద్దని వచ్చేస్తే చేతికి అందేది ఆకుపచ్చదే కావచ్చు. అందుకే అమ్మా, పరీక్ష చేయించుకో. చేయకుండా పంపేస్తుంటే అడుగు.

వైద్యం కష్టమేమీ కాదు. డాక్టరు రాసిన డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాముల మాత్ర రోజుకు రెండుసార్లు, 7 రోజులు. గర్భిణులకు అది వద్దు, అజిత్రోమైసిన్ ఇస్తారు. డాక్సీసైక్లిన్ వాడేవారి చర్మం ఎండకు తొందరగా కమిలిపోతుంది, పడవెక్కేవాళ్లు ఒళ్లు కప్పుకోవాలి. మందు ఇద్దరూ ఒకేసారి వాడాలి, మొదలుపెట్టాక 7 రోజులూ కలయిక మానాలి. ఒకరే వాడితే రెండోవారి నుంచి మళ్లీ అంటుకుంటుంది. 3 నెలలకు మరోసారి పరీక్ష చేయించుకోవాలి.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. మగవాళ్లు ఒడ్డునే ఉంటారు. అంతదాకా ఆగమని కాదు, కనీసం అప్పుడైనా, అన్నా, భార్యను ఒంటరిగా ఆసుపత్రికి పంపకుండా నువ్వూ కలిసి వెళ్లు.