ఎప్పుట్నుంచి మంచోడో కూడా రాయి



పోయిన భాగంలో మా కాలనీ స్మశానం దారి గురించి రాశాను. ఈ నెల అదే దారిలో మా తాతను తీసుకెళ్ళాం. అందుకే అనుకున్న విషయం పక్కన పెట్టి ఈసారి ఆయన గురించి రాస్తున్నా.

దినానికి ఫ్లెక్సీ వేయించడానికి సూళ్ళూరుపేట పోయాను. కంప్యూటర్ ముందు కూర్చున్న పిల్లోడు "ఏం రాయాలక్కా? మాజీ సర్పంచా, రిటైర్డ్ టీచరా?" అన్నాడు. ఏదీ కాదన్నాను. "అయితే 'ప్రియమైన భర్త, తండ్రి, తాత' అని పెట్టేస్తా. అందరికీ అదే" అన్నాడు. ఫోటో అడిగితే ఆధార్ కార్డు ఇచ్చాను. మాకున్న ఫోటో అదొక్కటే. అందులో పుట్టిన తేదీ జనవరి 1. మా కాలనీలో ముసలోళ్ళు చాలామంది జనవరి 1నే పుట్టారు!

తండ్రి సంగతి మా నాయన చెప్తాడు. తాత సంగతి నేను చెప్తా. "ప్రియమైన భర్త" అవునో కాదో చెప్పాల్సింది మాత్రం అవ్వ. ఇంటికి పోయి ఆమెనే అడిగాను.

అవ్వ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అనింది: "మంచోడనే రాయి పాపా. కాకుంటే, ఎప్పుట్నుంచి మంచోడో కూడా రాయి."

ఆ మాట నన్ను మూడు రోజులు నిద్ర పోనీలేదు.

నాకు తెలిసిన తాత వేరు. రాకెట్ వదిలే రోజు నన్ను భుజానెక్కించుకుని వీధి చివరికి తీసుకుపోయేవాడు. తూర్పున మంట లేచేది. కాసేపటికి ఉరుము లాంటి శబ్దం వచ్చేది, ఇంట్లో గిన్నెలు అదిరేవి. అందరూ పైకి చూస్తా ఉంటే తాత మాత్రం "మన రోడ్డు మీదనే పోయింది పాపా అది" అనేవాడు.

ఆ మాటకు అర్థం పెద్దయ్యాక తెలిసింది. శ్రీహరికోట ఒక దీవి. ఒక పక్క బంగాళాఖాతం, ఇంకో పక్క మా పెద్దోళ్ళు ప్రళయకావేరి అని పిలిచే పులికాట్ సరస్సు. ఆ దీవి అడవిలో యానాదులు బతికారు. అక్కడి కట్టెలు బకింగ్‌హాం కాలువలో పడవల మీద మద్రాసుకు పోయేవి. 1969లో ఆ చోటును రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నారు. 1971 అక్టోబర్ 9న మొదటి రోహిణి రాకెట్ అక్కడి నుంచి లేచింది. (కేంద్రం వచ్చాక యానాదుల బతుకు ఎట్లా మారిందో అది వేరే భాగమే అవుతుంది.)

దీవికి పోవాలంటే సరస్సు మీద రోడ్డు కావాలి. నీళ్ళలో మట్టి పోసి, కట్ట వేసి, దాని మీద వేశారు. ఈరోజు పెద్ద రాకెట్ల భాగాలు లారీల మీద పోయేది ఆ దారిలోనే. ఆ మట్టి మోసినోళ్ళలో మా తాత ఒకడు. ఆయన పక్కనే కొత్తగా పెళ్ళైన మా అవ్వ కూడా ఉంది. తట్టలు ఇద్దరివీ. మేస్త్రీ పుస్తకంలో పేరు మాత్రం ఆయన ఒక్కడిదే. ఆమెకు కూలి తక్కువ. ఆ తక్కువ కూలి కూడా ఆయన చేతిలోనే పెట్టేవాళ్ళు. ఆడ మగ తేడా లేకుండా ఒకే పనికి ఒకే కూలి ఇవ్వాలని చట్టం వచ్చింది 1976లో. అప్పటికి మా అవ్వ మోసిన మట్టి రోడ్డైపోయింది.

ఇన్నాళ్ళూ నేను మీటింగుల్లో "ఆ రోడ్డు కింద మా తాత చెమట ఉంది" అని చెప్పి చప్పట్లు కొట్టించుకున్నా. అవ్వ పేరు ఒక్కసారి కూడా చెప్పలేదు. మేస్త్రీ చేసిన పనే నేనూ చేశాను.

ఇప్పుడు అవ్వ చెప్పింది చెప్తా. ఆ కూలి డబ్బు ఇంటికి వచ్చేలోపు దారిలో సారా కొట్టు ఉండేది. తాత ఇరవై ఏళ్ళు తాగాడు. తాగినప్పుడు అవ్వను కొట్టాడు. మా నాయన బడి మానేసింది పుస్తకాలు కొనలేక కాదు, రాత్రిళ్ళు అమ్మకు అడ్డం నిలబడి పొద్దున లేవలేక. ఈ మాట మా నాయన నాకు ఎప్పుడూ చెప్పలేదు.

తర్వాత 1992 వచ్చింది. మన నెల్లూరు జిల్లా దూబగుంటలో, రాత్రి బడిలో అక్షరాలు దిద్దిన ఆడోళ్ళు సారా కొట్టు మీదికి పోయారు. ఆ ముందు నడిచిన రోశమ్మ పేరు మీకు తెలుసు. ఊరూరికీ అది పాకింది. సారా వేలంపాటలు వాయిదా మీద వాయిదా పడ్డాయి. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా బంద్ అయింది. ఆ పోరాటంలో ముందు వరసలో ఉన్నోళ్ళు చాలామంది మన వాడల ఆడోళ్ళే.

మా కాలనీలో కొట్టుకు అడ్డం నిలబడినోళ్ళలో అవ్వ ఉంది. ఆ సాయంత్రం కొట్టు కాడికి వచ్చినోళ్ళలో తాత ఉన్నాడు. "చీపురు ఎత్తినా. కొట్టలా. ఆయన నా మొకం చూసి తిరిగి పోయినాడు" అనింది అవ్వ. ఒక్క రోజుతో మారలేదు. రెండుసార్లు మళ్ళీ తాగాడు. ఆ తర్వాత మానేశాడు. ఒకరోజు కాలనీ మీటింగులో లేచి నిలబడి, "సారా పోయించింది కాంట్రాక్టరే. కానీ ఇంట్లో చెయ్యెత్తింది నేను" అన్నాడంట. ఆ రోజు నుంచి పొద్దున్నే పొయ్యి రాజేసేది ఆయనే. అవ్వ మోకాళ్ళు పట్టేసినాక పదేళ్ళు ఆమెకు నీళ్ళు కాచి పోసింది ఆయనే. నేను చూసిన తాత ఆ తాత.

మిత్రులారా, ఇది రాయాలా వద్దా అని చాలా ఆలోచించా. మన మగోళ్ళు తాగుబోతులని ఎగతాళి చేసేవాళ్ళు కాచుకుని ఉంటారు. వాళ్ళకు జవాబుగా మనం మన తాతలను దేవుళ్ళను చేస్తాం. అప్పుడు ఏమవుతుంది? కూలి కాడే కొట్టు పెట్టి, ఆ కూలిని మళ్ళీ గుంజుకున్న వ్యవస్థ తప్పించుకుంటుంది. ఆ కొట్టును మూయించిన అవ్వ కనపడకుండా పోతుంది. ఒక మనిషి తనను తాను సరిదిద్దుకున్న కష్టం కూడా మాయమవుతుంది. మొదటి నుంచీ మంచోడే అయితే, ఆయన చేసిందేముంది?

బాబాసాహెబ్ 1940లో పాకిస్తాన్ గురించి రాసిన పుస్తకాన్ని, ఐదేళ్ళ ముందు చనిపోయిన రమాబాయి జ్ఞాపకానికి అంకితమిచ్చారు. తనతో పాటు లేమిని భరించిన ఆమె ఓర్పును ఆ అంకితంలోనే గుర్తు చేసుకున్నారు. రాజకీయ గ్రంథం మొదట్లో ఇంటి అప్పు ఒప్పుకున్నాడాయన. మనం రాసే చరిత్రకు కూడా ఆ పద్ధతి కావాలి.

మన ఉద్యమాల్లో అమరులకు స్థూపాలున్నాయి, నాయకులకు జయంతులున్నాయి. ముసలితనం దాకా బతికి, తప్పు చేసి, ఒప్పుకుని, మారి, ఇంట్లో ప్రేమ సంపాదించుకుని పోయిన మామూలు మనిషికి ఏముంది? ఆధార్ ఫోటో, జనవరి 1. వాళ్ళ గురించి మనం రాయకపోతే ఎవరూ రాయరు.

హాస్టళ్ళలో చదివే తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఒక మాట. ఈ సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు తాతను అడగండి: ఏ రోడ్డు పోశావు, ఏ చెరువు తవ్వావు, ఎంత కూలి ఇచ్చారు అని. ఫోన్లో రికార్డు చేయండి. కానీ ముందు అవ్వను అడగండి. తాత ముందు కాదు, విడిగా కూర్చోబెట్టి అడగండి.

ఫ్లెక్సీ మీద చివరికి "ప్రియమైన భర్త" అనే వేయించాను. అవ్వ ఒప్పుకున్నాకే. కింద ఒక వాక్యం చేర్చాను: "పులికాట్ రోడ్డుకు మట్టి మోసిన ఇద్దరిలో ఒకరు." పిల్లోడు "రెండో వాళ్ళెవరక్కా?" అన్నాడు.

పక్కన కుర్చీలో కూర్చున్న అవ్వను చూపించాను.

జై భీమ్.