ఫోను గుర్తుచేస్తుంది, సరిగ్గా చెప్పవలసింది మనమే

ప్రశ్న: మా అత్తగారికి 64 ఏళ్ళు. మూడేళ్ళుగా కీళ్ళవాతంతో బాధపడుతున్నారు. కీళ్ళ డాక్టరుగారు వారానికి ఒక్కసారి, సోమవారం మాత్రమే వేసుకోమని మెథోట్రెక్సేట్ మాత్రలు వ్రాశారు. ఆవిడ మర్చిపోతున్నారని మా అబ్బాయి ఆవిడ ఫోను క్యాలెండరులో రిమైండరు పెట్టాడు. పొరపాటున అది రోజూ మోగేటట్టు పెట్టాడు. ఫోను మోగినప్పుడల్లా ఆవిడ మాత్రలు వేసుకున్నారు. ఆరో రోజుకి నోరంతా పూసిపోయి గుక్కెడు మజ్జిగ కూడా మింగలేకపోయారు. ఆసుపత్రిలో తొమ్మిది రోజులుంచి బ్రతికించారు. మా అబ్బాయి అప్పటినుంచి ఎవరితోనూ సరిగ్గా మాట్లాడటం లేదు. మావారు, ఇక ఆ ఫోనుల జోలికి పోవద్దంటున్నారు. కాని ఇంట్లో ముగ్గురి మందులు, మనవరాలి టీకాలు, రక్తపరీక్షల తేదీలు గుర్తుంచుకోవటం ఒక్కదానివల్ల నాకు కావటం లేదు. ఏం చెయ్యమంటారు?
– ఒక సోదరి, తెనాలి

జవాబు: అమ్మా, ముందుగా మీ అత్తగారు క్షేమంగా ఇంటికి వచ్చినందుకు సంతోషం. రెండవది, మీ అబ్బాయిని దగ్గర కూర్చోబెట్టుకుని ఈ జవాబు చదివి వినిపించండి. ఈ మందు విషయంలో ఇటువంటి పొరపాటు ఫోనులు లేని రోజుల్లోనూ జరిగేది. చీటీ మీద వ్రాసింది అర్థంకాక, మందుల షాపులో చెప్పింది సరిగ్గా వినక, రోజూ వేసుకుని ప్రాణం మీదకు తెచ్చుకున్నవాళ్ళు అనేక దేశాల్లో ఉన్నారు. చనిపోయినవాళ్ళూ ఉన్నారు. కుర్రవాడు మంచికే చేశాడు. తప్పు మీట నొక్కాడు, అంతే.

ఎందుకంత ప్రమాదం?

మెథోట్రెక్సేట్ శరీరంలో కణాలు వృద్ధి చెందటాన్ని అడ్డుకుంటుంది. వారానికి ఒక్కసారి తక్కువ మోతాదులో వేసుకుంటే కీళ్ళవాతానికి మంచి మందు. అదే రోజూ వేసుకుంటే, త్వరత్వరగా పెరిగే కణాలున్న చోటల్లా దెబ్బతీస్తుంది. నోరు, పేగుల లోపలి పొర పుండ్లు పడుతుంది. ఎముకల మూలుగలో రక్తకణాల తయారీ తగ్గిపోతుంది. తెల్లకణాలు పడిపోతే చిన్న జ్వరం కూడా ప్రాణాంతకం కావచ్చు. మూత్రపిండాలు సరిగ్గా పనిచెయ్యని వాళ్ళకు ప్రమాదం ఇంకా ఎక్కువ. అందువల్ల ఈ మందు వాడేవాళ్ళకు నోటిపూత, జ్వరం, గొంతునొప్పి, చర్మం మీద కమిలినట్టు మచ్చలు కనిపిస్తే మర్నాటిదాకా ఆగకుండా డాక్టరుకు చూపించాలి.

మరో చిక్కు ఉంది. దీనితోపాటు ఫోలిక్ యాసిడ్ మాత్రలు కూడా ఇస్తారు. రెండూ చూడటానికి చిన్న పసుపుపచ్చ మాత్రలే కావచ్చు. కాబట్టి రెండింటినీ ఒకే డబ్బాలో ఉంచకండి. చీటీ మీద ‘వారానికి ఒకసారి’ అనటంతో సరిపెట్టక, ‘సోమవారం మాత్రమే’ అని డాక్టరు చేత వారం పేరుతో సహా వ్రాయించుకోండి.

ఫోను పారెయ్యాలా?

వద్దు. దీర్ఘవ్యాధులున్నవాళ్ళలో, సంపన్న దేశాల్లో సైతం, మందులు చెప్పినట్టు వాడేవాళ్ళు సుమారు సగంమందేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లో ప్రకటించిన నివేదిక చెప్పింది. రక్తపోటు మాత్ర మానేసిన రోజున ఏ బాధా తెలియదు. అందుకే మరుపు వస్తుంది. తెలిసేనాటికి పక్షవాతమో గుండెపోటో వచ్చి కూర్చుంటుంది. గుర్తుచేసే మనిషి ఇంట్లో ఎప్పుడూ ఉండకపోవచ్చు. ఫోను ఉంటుంది. అయితే ఫోనుకు మంచీ చెడూ తెలియదు. మనం ఏం చెబితే అదే, తప్పయినా సరే, వేళతప్పకుండా చెబుతుంది. కనుక చెప్పటంలోనే జాగ్రత్త పడాలి.

ఎలా పెట్టాలి?

జీమెయిల్ ఉన్నవాళ్ళకు దానితోపాటు గూగుల్ క్యాలెండరు వస్తుంది. ఆఫీసుల్లో అవుట్‌లుక్ వాడేవాళ్ళకు అందులోనే క్యాలెండరు ఉంటుంది. పద్ధతి ఇంచుమించు ఒక్కటే.

1. రిమైండరు పేరులోనే పూర్తి సంగతి వ్రాయండి. ‘మందు’ అని వ్రాస్తే ఏ మందో తెలియదు. ‘సోమవారం మాత్ర – వారానికి ఒక్కసారే – టిఫిను తర్వాత’ అని వ్రాయండి. ఇలా వ్రాసి ఉంటే, మంగళవారం మోగినా మీ అత్తగారికి అనుమానం వచ్చి ఉండేది.

2. గూగుల్ క్యాలెండరులో ఎన్నాళ్ళకొకసారి మోగాలో అడిగేచోట ‘ఎవ్రీ డే’, ‘ఎవ్రీ వీక్’ ఒకదాని కింద ఒకటి ఉంటాయి. వేలు జారటానికి అంతకంటే ఏం కావాలి? అందుచేత పెట్టటం పూర్తి కాగానే క్యాలెండరును నెల మొత్తం కనిపించేటట్టు మార్చి చూడండి. వారం మందయితే నెలలో నాలుగో అయిదో చోట్ల కనిపించాలి. ముప్ఫై చోట్ల కనిపిస్తే తప్పు అక్కడే దొరికిపోతుంది. ఈ ఒక్క పని మీ ఇంట్లో ఆ రోజు జరిగి ఉంటే ఆసుపత్రి అవసరం ఉండేది కాదు.

3. పెట్టింది ఒకరయితే, చీటీ చేతిలో పట్టుకుని సరిచూసేది ఇంకొకరు కావాలి. ఆసుపత్రుల్లో ప్రమాదకరమైన మందులిచ్చేటప్పుడు ఇద్దరు నర్సులు చూసుకునే పద్ధతి ఇదే.

4. అయిదు రోజుల మందుకు అయిదో రోజున ఆగిపోయేటట్టు ముగింపు తేదీ పెట్టండి. లేకపోతే అది ఏడాదంతా మోగుతూనే ఉంటుంది.

5. డాక్టరు మోతాదు మార్చిన రోజున, మందుల షాపుకు వెళ్ళకముందే పాత రిమైండరును సరిచెయ్యండి. మార్పు ఈ ఒక్కరోజుకా, ఇక ముందు అన్నిటికీనా అని క్యాలెండరు అడుగుతుంది. ‘ఇది, ఇకముందువి’ అన్నదాన్ని ఎన్నుకోండి.

మోగటం వేరు, మింగటం వేరు

క్యాలెండరులో రెండు రకాలున్నాయి. ‘ఈవెంట్’ అనేది పెళ్ళి ముహూర్తం లాంటిది. వేళ దాటితే వెళ్ళిపోతుంది. మీరు చేశారో లేదో దానికి పట్టదు. ‘టాస్క్’ అలా కాదు. చేశామని మీరు గుర్తు పెట్టేదాకా అది మిగిలిపోయిన పనిగానే కనిపిస్తుంది. డాక్టరు దగ్గరకు వెళ్ళటం వంటివాటికి ఈవెంట్, మాత్రలు, రక్తపరీక్షలు వంటివాటికి టాస్క్ మేలు. అయితే మాత్ర గొంతు దిగిన తర్వాతే ఆ గుర్తు పెట్టాలి. ‘వేసుకుంటాలే’ అని ముందుగా గుర్తు పెట్టి వంటింట్లోకి వెళితే ఇక ఆ మాత్ర సంగతి అంతే.

వేసుకున్నానో లేదో అని సందేహం వస్తే రెండోసారి వేసుకోవద్దు. ఈ సందేహానికి ఫోనుకంటే మంచి సాక్షి వారం రోజులకు ఏడు అరలున్న మాత్రల డబ్బా. అర ఖాళీగా ఉంటే వేసుకున్నట్టే. ఒకపూట మర్చిపోయామని మర్నాడు రెండు కలిపి వేసుకోవటం ఏ మందు విషయంలోనూ సొంతంగా చెయ్యకూడదు. తప్పిన మాత్రను ఎంతసేపటిలోగా వేసుకోవచ్చో మందుమందుకూ తేడా ఉంటుంది. మందు వ్రాసినప్పుడే డాక్టరును అడిగి ఆ ముక్క కూడా టాస్క్ కింద వివరాల్లో వ్రాసి ఉంచండి.

ఏవేవి వ్రాసుకోవాలి?

మోగించేవి తక్కువగా ఉండాలి. రోజుకు పదిసార్లు మోగే ఫోనును పదకొండోసారి ఎవరూ చూడరు. రోజూ ఉదయం పళ్ళు తోముకున్నాక వేసుకునే రక్తపోటు మాత్రకు ఆ పళ్ళపొడి డబ్బా పక్కనే మాత్రలు పెట్టుకుంటే అదే రిమైండరు. కాకపోతే పిల్లలకు అందకుండా చూడాలి. రోజూ చెయ్యనివి, వేళ తప్పితే నష్టం కలిగించేవి క్యాలెండరుకు అప్పగించండి.

కుక్క కరిచినప్పుడు కండలో వేసే టీకా మొదటి రోజును సున్నాగా లెక్కపెట్టి 0, 3, 7, 14, 28 రోజుల్లో వెయ్యాలి. మూడు వేయించుకుని పుండు మానిందని మానేసేవాళ్ళున్నారు. రేబిస్ వ్యాధి బయటపడ్డాక దాదాపు ఎవరూ బ్రతకరు. మొదటి ఇంజక్షను వేయించుకున్న బల్ల మీదే మిగిలిన తేదీలన్నీ ఫోనులో వ్రాసేసుకోండి. పసిపిల్లల 6, 10, 14 వారాల టీకాలు, 9 నెలలు నిండాక వేసే తట్టు టీకా కూడా అంతే. చక్కెరవ్యాధి ఉన్నవాళ్ళకు ఏటా కంటి పరీక్ష, రక్తం పలచబడే మందు వార్ఫరిన్ వాడేవాళ్ళకు రక్తపరీక్ష తేదీ తప్పనిసరిగా ఉండాలి.

థైరాయిడ్ మాత్రకు వేళ ముఖ్యం. పరగడుపున వేసుకుని కనీసం అరగంట, వీలయితే గంట దాకా కాఫీ, టిఫిను ముట్టకూడదు. కాల్షియం, ఐరన్ మాత్రలకూ దానికీ నాలుగు గంటల ఎడం ఉండాలి. మాత్రకు ఒక రిమైండరు, కాల్షియానికి ఇంకొకటి పెట్టుకుంటే రెండూ కలిసిపోవు.

ల్యాబు వాళ్ళు ఈమెయిల్లో పంపిన రిపోర్టులు నూరు ఉత్తరాల కింద పడి కనిపించకుండా పోతాయి. జీమెయిల్‌లో ఆ ఉత్తరం తెరిచి ‘యాడ్ టు టాస్క్స్’ అని నొక్కితే అదే ఒక పనిగా మారుతుంది. ‘డాక్టరుకు చూపించాలి’ అని తేదీ వెయ్యండి. అవుట్‌లుక్‌లో ఉత్తరానికి జెండా గుర్తు పెడితే చాలు.

పిల్లలు దూరదేశాల్లో ఉంటే

అమెరికాలో ఉన్న కొడుకు అక్కడినుంచే అమ్మ క్యాలెండరులో మందులవేళలు పెడుతుంటాడు. మంచిదే. కాని అక్కడ ఏటా మార్చిలో, నవంబరులో గడియారాలు గంట మారుస్తారు. అతను తన ఊరి కాలమానంతో పెడితే ఇక్కడ ఉదయం 8 గంటల మాత్ర శీతాకాలంలో 9 గంటలకు మోగుతుంది. కనుక ‘టైమ్ జోన్’ దగ్గర భారతదేశం అని ఉండాలి. ఈవెంటుకు అతని ఈమెయిలు చేరిస్తే అతనికీ అదే రిమైండరు అందుతుంది. ఆ వేళకు ఒక ఫోను చేసి ‘వేసుకున్నావా అమ్మా’ అని అడిగితే, దాన్ని మించిన రిమైండరు లేదు.

ఇంకొక మాట. ఆఫీసు ఈమెయిలు క్యాలెండరు తోటివాళ్ళకు కనిపించవచ్చు. అందులో జబ్బు పేరు వ్రాయకండి. సొంత ఈమెయిలు వాడుకోవటమే మంచిది.

ఇక చిన్న ప్రశ్నలు రెండు.

‘రిమైండరు పెట్టాను, మోగలేదు’ అని ఏలూరునుంచి ఒకరు వ్రాశారు. ఫోను సైలెంట్‌లో ఉందేమో, క్యాలెండరుకు నోటిఫికేషన్ అనుమతి ఇచ్చారో లేదో చూడండి. కొన్ని ఫోనుల్లో బ్యాటరీ పొదుపు పెడితే కూడా మోగటం ఆలస్యం కావచ్చు. గూగుల్ క్యాలెండరు ఎస్సెమ్మెస్ పంపటం 2019 జనవరిలో మానేసింది. దాని కోసం ఎదురుచూడవద్దు. ఏ రిమైండరయినా మొదట అయిదు నిమిషాల తర్వాతకు పెట్టి, మోగుతుందో లేదో పరీక్షించి ఆ తర్వాత నమ్మండి.

‘మా నాన్నగారికి ఫోను వాడటం రాదు’ అని వరంగల్లునుంచి ఒక అమ్మాయి వ్రాసింది. రానక్కరలేదమ్మా. గోడమీద తెలుగు క్యాలెండరులో ఆ తేదీ చుట్టూ ఎర్రసిరాతో సున్నా చుట్టండి. వేసుకున్నాక ఆయన చేతనే కొట్టివేయించండి. నీ ఫోనులో మాత్రం సాయంత్రం ఒక్క టాస్క్ పెట్టుకో: ‘నాన్న సున్నా కొట్టేశారా?’

తెనాలి సోదరికి చివరగా ఒక సలహా. ఆ సోమవారం రిమైండరును మళ్ళీ మీ అబ్బాయి చేతనే పెట్టించండి. మీరు చీటీ పట్టుకుని పక్కన కూర్చోండి. నెలలో ఎన్నిచోట్ల కనిపిస్తోందో అత్తగారి చేత లెక్కపెట్టించండి. మందు తిరిగి మొదలుపెట్టమని డాక్టరు చెప్పిన తర్వాతే సుమా. ఆవిడకు మందు మీద, వాడికి తన మీద నమ్మకం కుదరాలంటే ఇదే దారి.