బుల్లి రేడియోకు హద్దు ఎక్కడో చెప్పండి

వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగం అధికారులకు,
కేంద్ర కమ్యూనికేషన్ల మంత్రిత్వ శాఖ, న్యూఢిల్లీ



నేను హైస్కూల్లో ఫిజిక్స్ చెప్పే మాస్టర్ని. ఏటా ఎవరో ఒకరు అడుగుతారు: “సార్, ఇంట్లో ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ చేయొచ్చా?” ఎలా చేయాలో నాకు తెలుసు. ఎంతవరకు చేయొచ్చో అడిగితే మాత్రం నోరు పెగలదు. ఇప్పటికి వద్దనే చెబుతున్నాను.

సామానంతా బజారులో దొరికేదే. బీసీ 547 లాంటి ట్రాన్సిస్టర్ ఒకటి, కండెన్సర్ మైక్, కొన్ని రెసిస్టర్లు, కెపాసిటర్లు, ఒక ట్రిమ్మర్, 9 వోల్టుల బ్యాటరీ. పెన్సిల్‌కు ఎనామిల్ రాగితీగ ఐదారు చుట్లు చుట్టి, పెన్సిల్ లాగేస్తే కాయిల్ తయారు. మైక్ ముందు మాట్లాడితే ట్రాన్సిస్టర్ లోపలి కెపాసిటెన్స్ రవ్వంత మారుతుంది. దానితోపాటే ఫ్రీక్వెన్సీ ఊగుతుంది. ఎఫ్ఎం అంటే అదే. పక్క గదిలోని రేడియోలో తన గొంతు విన్న పిల్లకు మాడ్యులేషన్ పాఠం మళ్లీ చెప్పనక్కర్లేదు.

ప్రమాదమూ అక్కడే ఉంది. కాయిల్ చుట్లు కాస్త ఎడం చేస్తే చాలు, ఫ్రీక్వెన్సీ పైకి పోతుంది. 108 మెగాహెర్ట్జ్ దాటితే విమానాలకు దారి చూపే సంకేతాలుంటాయి. అందుకే, దూరం వినిపించాలని పొడుగు యాంటెన్నా ఊసెత్తిన పిల్లల్ని నేనే కోప్పడతాను.

చట్టం సంగతికొస్తే, బీహార్‌లోని మన్సూర్‌పూర్‌లో రాఘవ్ మహతో అనే రేడియో మెకానిక్ ఇంట్లో చేసిన ట్రాన్స్‌మిటర్‌తో 2003 నుంచి చుట్టుపక్కల ఊళ్లకు పాటలు వినిపించాడు. లైసెన్సు లేదని 2006 మార్చిలో మూయించారు. అదే ఏడాది నవంబరులో ప్రభుత్వం కమ్యూనిటీ రేడియో నడిపే అనుమతిని స్వచ్ఛంద సంస్థలకూ ఇచ్చింది. 2008లో మా జిల్లా మాచ్‌నూరులో దళిత మహిళల సంఘం రేడియో మోగింది. అలా సంస్థలకు దారి దొరికింది. బల్ల మీద సోల్డరింగ్ చేసుకునే పదో తరగతి పిల్లకు దారేది?

అమెరికాలో లైసెన్సు లేని ఎఫ్ఎం పరికరానికి హద్దు అంకెల్లో రాసిపెట్టారు: మూడు మీటర్ల దూరంలో సిగ్నల్ బలం మీటరుకు 250 మైక్రోవోల్టులు. సుమారు 200 అడుగుల వరకు వినిపిస్తుంది, అంతే.

మీ నుంచి కోరేది తెలుగులో ఒక్క పేజీ. బడి ప్రయోగానికి ఎంత శక్తి, ఎంత దూరం, ఏ ఫ్రీక్వెన్సీల జోలికి పోకూడదు, అనుమతి కావాలంటే ఎవరిని అడగాలి. అసలు చేయనే కూడదంటే ఆ మాటే రాయండి. జూన్‌లో బడులు తెరిచేలోపు పంపితే ల్యాబ్ గోడకు అంటిస్తాను.

ఇట్లు,
ఒక ఫిజిక్స్ ఉపాధ్యాయుడు,
సంగారెడ్డి జిల్లా