వడ్డాణం అద్దెకు, జుంకాలు సొంతానికి

ముహూర్తాల రోజున తిరుత్తణి కొండ మీద చూడండి, పెళ్లికూతుళ్లందరికీ ఒకటే టెంపుల్ సెట్టు. లక్ష్మీదేవి బిళ్లల హారం, అరవంకీలు, వడ్డాణం. దాన్నే సంప్రదాయమని అమ్ముతున్నారు. నాగర్‌కోయిల్ దగ్గర వడసేరిలో దేవుళ్లకూ నాట్యానికీ చేసిన పని అది. మా పల్లెల్లో అమ్మమ్మలు అదెక్కడ పెట్టుకున్నారు?

మా అక్క కూతురికి తిరువళ్లూరు సంబంధం కుదిరింది. "చిన్నమ్మా, నిశ్చితార్థానికి వజ్రపుటుంగరం ఉండాలంట" అనింది. ఎవరన్నారే అని అడిగాను. మన వైపు తాంబూలాలు మార్చుకుంటే మాట ఖాయం. ఉంగరాలు నిన్నమొన్న వచ్చినవి. వజ్రం శాశ్వతమన్న మాట కూడా డీబీర్స్ కంపెనీ ప్రకటన కోసం 1947లో పుట్టిందే. ఉంగరం వద్దనను. రాయి లేనిది, పిండి పిసికినా ఇరుక్కోనిది అయితే చాలు.

శ్రద్ధ పెట్టాల్సింది సూత్రాల మీద. మా తెలుగిళ్లలో రెండు బిళ్లలు, ఒకటి పుట్టింటిది, ఒకటి అత్తింటిది. నడుమ పగడాలు, నల్లపూసలు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి పోయింది గానీ, ఈ బిళ్లలు మారలేదు. పక్కింటి తమిళుల తాళి వేరు, వాళ్లలోనూ ఇంటికో తీరు. అందుకే నగలకని చెన్నై టీనగర్‌కు రైలెక్కే ముందు అమ్మమ్మ సూత్రాలు తీసి ఊళ్లో ఆచారికి చూపించండి. బిళ్ల ఎంత మందమని కాదు, పైన తాడు దూర్చే గొట్టం ఎంత గట్టిగా ఉందో చూడండి. గొలుసు రాపిడికి ముందు అరిగేది అదే. అక్కడ రవంత బంగారం ఎక్కువ వేయమనండి.

తర్వాత జుంకాలు. చెవి తమ్మె సాగకుండా బరువు మోసేవి మాటీలు, వాటిని మరిచిపోవద్దు. జుంకాలు పండగకూ పేరంటానికీ తీసి పెట్టుకునే నగ.

ఇక వడ్డాణం. 2025లో బంగారం పది గ్రాములు లక్ష దాటింది. పది సవర్ల వడ్డాణమంటే 80 గ్రాములు, ఎనిమిది లక్షల పైమాటే, తరుగూ మజూరీ కాక. మార్చబోతే తరుగు తిరిగి రాదు, రాళ్లూ లక్కా తీసేసి తూస్తారు. కాబట్టి రాళ్ల నగ కొంటే రాళ్ల బరువు బిల్లులో విడిగా రాయించుకోండి. నగ మీద 916 ముద్రతో పాటు ఆరు అక్షరాంకెల హెచ్‌యూఐడీ గుర్తు ఉందో లేదో చూసి, బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకోండి. అంగడివాడు మొహం ముడిచినా సరే.

వడ్డాణం ఒక్కపూట ముచ్చట, అద్దెకు తెద్దామన్నాను. పిల్ల సరేనంది. అక్కే "వియ్యాలవాళ్లు ఏమనుకుంటారే" అని నసుగుతోంది. అడిగి చూడమన్నాను. వాళ్లింట్లోనూ ఒక వడ్డాణం లాకర్లో పడి ఉండే ఉంటుంది.